సూరత్ చిట్టా, భేస్తాన్ లెక్క

కొత్త ఊరికి వెళ్లినవాళ్లు మొదటి వారంలో తప్పకుండా రెండు పనులు చేస్తారు. అద్దె గదికి తాళం కొంటారు. ఆ ఊళ్లో తినాల్సినవి, చూడాల్సినవి ఒక కాగితం మీద రాసుకుంటారు. భేస్తాన్‌లో దిగినప్పుడు నేనూ అదే చేశాను. తాళం నెల తిరక్కుండానే మొరాయించింది. కాగితం మాత్రం గోడ మీదే ఉంది. దాని పైన నా చేతిరాతతో ఒక శీర్షిక: 'సూరత్‌లో చేయాల్సిన పది పనులు'.

ముంబై నుంచి అహ్మదాబాద్ వెళ్లే రైలు మార్గంలో సచిన్ దాటాక, ఉధ్నా రాకముందు భేస్తాన్ స్టేషన్ వస్తుంది. సూపర్‌ఫాస్టుల్లో వెళ్లేవాళ్లకు అది కిటికీలో మెరిసి మాయమయ్యే పసుపుపచ్చ బోర్డు. పక్కనే పాండేసరా పారిశ్రామికవాడ, అద్దకం మిల్లుల గొట్టాలు. సందుల్లో మరమగ్గాల షెడ్లు. వాటిని ఇక్కడ 'ఖాతాలు' అంటారు. పగలూ రాత్రీ తేడా లేకుండా మగ్గాల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. కొత్తలో ఆ చప్పుడుకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు కరెంటు పోయి చప్పుడు ఆగితే మెలకువ వస్తోంది.

నా చిట్టాను మొదట చదివింది పక్కింటి కాక. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి 1988లో వచ్చిన నేత కార్మికుడు. ఆ ప్రాంతపు పద్మశాలీలకు ముంబై, భివండి, సూరత్ తాత ముత్తాతల నాటి దారులే. కాక తెలుగు అక్షరాలను కూడబలుక్కుంటూ చదివి, వేళ్ల మీద లెక్కపెట్టి, "పదిట్ల మూడున్నర చేసిన బిడ్డా" అన్నాడు. మూడు పదుల ఏళ్లు దాటాక వచ్చిన మార్కులవి. ఆ అర ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకుందామని కూర్చున్నాను. ఈ వారం కాలమ్‌లో రాస్తున్నది ఆ సంభాషణే.

గుజరాతీలో ఒక సామెత ఉంది: 'సూరత్ నూ జమణ్ అనే కాశీ నూ మరణ్'. భోజనమంటే సూరత్‌లో, మరణమంటే కాశీలో అని అర్థం. అందుకే నా జాబితాలో అధిక భాగం తిండే. మొదటిది పోంక్. చలికాలంలో పాలు పట్టిన లేత జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి, దులిపి తీసిన ఆకుపచ్చ గింజలు. నిమ్మకాయ, మిరియాల రుచి ఉన్న సేవ్ కలుపుకుని తింటారు. పక్కన మజ్జిగ. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తాపీ నది దగ్గర అడాజన్ వైపు 'పోంక్ నగరి' పేరుతో దుకాణాలు వెలుస్తాయి. మంచి జొన్న, సరైన చలి, అదే రోజు కాల్చిన కంకి కలిస్తేనే రుచి.

నేను ఇంత వివరంగా చెబితే కాక నవ్వాడు. "గది ఊచబియ్యమే గద. మా చేన్ల కంకులు కాల్చుకొని ఉత్తగ తిన్నం. పైసలిచ్చి తింటరా?" నిజమే. తెలంగాణ పల్లెల్లో ఊచబియ్యం తినని బాల్యం ఉండదు. అక్కడ పైరు కాపలాకు వెళ్లిన పిల్లలు తినే చిరుతిండి ఇక్కడ నగరం ఎదురుచూసే రుతువు. కాక పోంక్ తినలేదు. డబ్బుల్లేక కాదు. చేలో ఉచితంగా దొరికినదాన్ని తూకం వేసి కొనడానికి మనసొప్పక.

రెండోది లోచో. దీనికి మాత్రం కాకకు పూర్తి మార్కులు. నానబెట్టి రుబ్బిన సెనగపప్పును ఆవిరి మీద ఉడికిస్తారు. ఖమణ్ చేయబోతే గట్టిపడక జావలా మిగిలిందని, దాన్నే నూనె, సేవ్, ఉల్లిముక్కలు చల్లి అమ్మేశారని ఊళ్లో చెప్పుకుంటారు. గుజరాతీలో లోచో అంటే గందరగోళం. రాత్రి షిఫ్టు దిగి వచ్చే నేతన్నకు వేడిగా, మెత్తగా, చౌకగా దొరికే ఫలహారం ఇది. కాక నేర్చిన తొలి గుజరాతీ మాట కూడా అదేనట. పడుగు పోగులు తెగి చిక్కుపడితే ఖాతాలో మాస్టరు 'లోచో థయో' అని అరిచేవాడు. "తిండి పేరు గూడ తిట్టే అనుకున్న" అన్నాడు కాక.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. సిరిసిల్లలో మరమగ్గాన్ని 'సాంచ' అంటారు. తెలుగు నిఘంటువుల్లో వెదికి విసిగిపోయిన ఆ మాట నాకు ఇక్కడ దొరికింది. గుజరాతీలో 'సంచో' అంటే యంత్రం. కుట్టుమిషన్ కూడా సంచోయే. పడమటి నేత పట్టణాలకు వెళ్లివచ్చిన మనుషుల నోట ఆ మాట మానేరు ఒడ్డుకు చేరి ఉంటుందని నా ఊహ. వలసపోయినవాళ్లు ఇంటికి డబ్బులే కాదు, మాటలు కూడా పంపుతారు.

మూడోది ఉత్తరాయణం. మనకు సంక్రాంతి అంటే ముగ్గులు, అరిసెలు. ఇక్కడ జనవరి 14న నగరమంతా డాబాలెక్కుతుంది. పక్కవాడి గాలిపటం తెగితే 'కాయ్‌పో ఛే' అని కేకలు. సూరత్ మాంజా గుజరాత్ అంతటా పేరున్న సరుకు. ఆ దారం పక్షుల రెక్కలనూ, బండి మీద వెళ్లేవాళ్ల గొంతులనూ కోసిన సందర్భాలున్నాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. ఆ రోజు బండి తీయకపోవడమే మంచిది, తీస్తే మెడకు గుడ్డ చుట్టుకోండి. మధ్యాహ్నం డాబా మీదే ఉంధియు, జిలేబీ. 'ఉంధు' అంటే తలకిందులు. కూరగాయలు నింపిన కుండను బోర్లించి, మట్టిలో పాతి, పైన మంట పెట్టి వండేవారు కాబట్టి ఆ పేరు. పాప్డీ చిక్కుడు, కంద, చిన్న వంకాయలు, మెంతికూర ముఠియాలు, పచ్చి వెల్లుల్లి పడతాయి. సూరతీ ఉంధియు ఆకుపచ్చగా ఉంటుంది. వల్సాడ్ వైపు హైవే మీద ఇప్పటికీ కుండలో కాల్చి అమ్మే 'ఉబాడియు' దీనికి పల్లెటూరి బంధువు. అది నా చిట్టాలో నాలుగోది.

"ఉత్తరాయణం నాడు ఏం చేస్తవ్ కాకా?" అని అడిగాను. "ఖాతా బంద్ ఉంటది. పండుకుంట" అన్నాడు. సాయంత్రం లేచేసరికి కింది ఇంటి గుజరాతీ ఆమె గిన్నెలో ఉంధియు ఇచ్చి వెళుతుందట. రుచి ఎలా ఉంటుందంటే బాగుంటుందన్నాడు. చల్లారిపోయి ఉంటుందన్నాడు. నా చిట్టాలో రాసింది 'డాబా మీద ఉంధియు' కాబట్టి, నిజాయితీగా దానికి మార్కు వేసుకోలేదు.

ఐదోది నీరో. 1960లో రాష్ట్రం ఏర్పడిన నాటి నుంచీ గుజరాత్‌లో మద్యనిషేధం ఉంది. 2023 చివర్లో గిఫ్ట్ సిటీకి ఇచ్చిన సడలింపు భేస్తాన్‌కు వర్తించదు. తెలంగాణ నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడ మొదట గుర్తొచ్చేది ఇల్లు కాదు, ఈతవనం. దానికి చట్టబద్ధమైన ఊరట చలికాలపు తెల్లవారుజామున తాటిచెట్ల నుంచి దింపి అమ్మే నీరా. ఎండెక్కితే పులుస్తుంది కాబట్టి పొద్దున్నే తాగేయాలి. కాక దీన్ని ఎన్నడూ ముట్టలేదు. "కల్లు గానిదాన్ని కల్లు లెక్క తాగుడెందుకు?" అన్నది ఆయన సిద్ధాంతం. నేను తాగాను. తియ్యగా ఉంది. కాక మాటలో న్యాయం ఉందనిపించింది.

ఆరోది గర్బా. ఇక్కడ జవాబు చిన్నమ్మ చెప్పింది. మహాలయ అమావాస్యతో బతుకమ్మ మొదలవుతుంది. మర్నాటి నుంచి నవరాత్రి. రెండు పండుగలూ ఒకే వెన్నెల పక్షంలో జరుగుతాయి. గర్బాలో చిల్లులు పెట్టిన మట్టికుండలో దీపం మధ్యలో ఉంటుంది. బతుకమ్మలో పూల గోపురం. రెంటి చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ వలయంగా తిరుగుతారు. 'గుజరాత్ గర్బా' 2023 డిసెంబర్‌లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. భేస్తాన్ సందులో బతుకమ్మ ఏ జాబితాలోనూ లేదు. తంగేడు, గునుగు కరువైనచోట చిన్నమ్మ బంతిపూలతోనే పేరుస్తుంది. తెలుగువాళ్లు ఆడాక ఆడపిల్లలు చీరలు మార్చి చణియా చోళీలు తొడుక్కుని సొసైటీ గర్బాకు పరుగెడతారు. మనవరాలిని బతుకమ్మంటే ఏమిటని ఎవరో అడిగితే 'మా నానమ్మ గర్బా' అందట. చిన్నమ్మ ఆ మాట చెబుతూ నవ్వింది. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఏడోది కాక అర మార్కు. శరత్ పూర్ణిమ మర్నాడు సూరత్ వాళ్లు చేసుకునే పండుగ చాందీ పడవో. ఆ రాత్రి వెన్నెల్లో కూర్చుని ఘారీ తింటారు. కోవా, పిస్తా, బాదం కూరి, నేతిలో ముంచి తీసిన ఈ మిఠాయికి తోడుగా కారంగా భూసు ఉండాలి. కాకకు ప్రతి ఏడూ సేఠ్ ఒక పెట్టె ఇస్తాడు. "గానీ ఆ రాత్రి ఎన్నడు తినలే. రాత్రి పాళీ ఉంటది, లేకుంటే పొద్దుగాల పాళీకి పోయేదుంటది. తెల్లారి తిన్న. సగం రాసుకో" అన్నాడు.

ఎనిమిదోది తాపీ అవతలి ఒడ్డున రాందేర్‌లో ఖావ్‌సా. నూడుల్స్, కొబ్బరిపాల పులుసు కలిసిన బర్మా వంటకం సూరత్‌కు ఎలా వచ్చింది? రాందేర్ ముస్లిం వర్తకులు ఒకప్పుడు రంగూన్‌లో పెద్ద వ్యాపారులు. అక్కడ సూరతీల పేరు మీద మసీదు, బజారు ఉండేంతగా స్థిరపడ్డారు. అదే రంగూన్ రేవులో మూటలు మోసింది మన కోస్తా జిల్లాల నుంచి ఓడలెక్కిన కూలీలు. కోరంగి రేవు పేరుతో వాళ్లందరినీ అక్కడ 'కోరంగీలు' అన్నారు. సూరత్ షావుకారు, తెలుగు కూలీ కలుసుకోవడం భేస్తాన్‌తో మొదలు కాలేదన్నమాట. వర్తకులు తిరిగొచ్చాక వాళ్ల వంట ఒక నగరపు రుచిగా నిలిచింది. కూలీలు తిరిగొచ్చాక ఏం మిగిలిందో చెప్పే దుకాణం ఎక్కడా కనిపించదు.

తొమ్మిదోది డుమస్ తీరంలో నల్లటి ఇసుక మీద టమాటా భజియాలు. కాక పిల్లల చిన్నప్పుడు ఒకసారి వెళ్లాడు. దాంతో లోచో, గర్బా, డుమస్ కలిపి మూడు.

పదోది రాజనీతి శాస్త్రం చదువుకున్న పాపానికి నేను రాసుకున్నది. ఈ జిల్లా చుట్టుపక్కల ఒక్క రోజులో స్వాతంత్య్రోద్యమాన్ని చుట్టిరావచ్చు. 1907లో కాంగ్రెస్ సూరత్ సభలోనే చెప్పు విసిరేదాకా వెళ్లి అతివాదులు, మితవాదులుగా చీలింది. 1938లో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షత వహించిన హరిపురా ఇక్కడిదే. 1930 ఏప్రిల్ 6న గాంధీ ఉప్పు చేతిలోకి తీసుకున్న దండి పక్కనున్న నవసారి జిల్లాలో ఉంది. అక్కడ జాతీయ ఉప్పు సత్యాగ్రహ స్మారకాన్ని 2019 జనవరి 30న ప్రారంభించారు. ఇక బార్డోలీ. 1928లో రైతులు శిస్తు పెంపును ఎదిరించి గెలిచిన చోటు. 22 శాతం పెంపు విచారణ తర్వాత దాదాపు ఆరు శాతానికి దిగింది. వల్లభ్‌భాయ్ సర్దార్ అయ్యారు.

తెలుగువాళ్లకు బార్డోలీతో అంతకుముందే లెక్క ఉంది. 1922లో గాంధీ శాసనోల్లంఘనకు బార్డోలీని సిద్ధం చేస్తుండగానే గుంటూరు జిల్లా పెదనందిపాడులో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వాన రైతులు పన్నులు ఆపేశారు. ఫిబ్రవరిలో చౌరీచౌరా జరిగింది. గాంధీ బార్డోలీలో ఉద్యమాన్ని నిలిపేశారు. పెదనందిపాడు కూడా ఆగింది. పన్నెండు వందల కిలోమీటర్ల దూరంలో రెండు ఊళ్లు ఒకే మాట మీద లేచి, ఒకే మాట మీద కూర్చున్నాయి.

ఇదంతా ఉత్సాహంగా చెప్పి, "దండి ఎప్పుడన్నా చూసినవా కాకా?" అన్నాను. "అది ఇంక దూరమా! నవసారికి రైలు, ఆన్నుంచి బస్సు. పోవచ్చు. గానీ ఒక రోజు కూలి పోతది, చార్జీలు పోతయ్. రెండు నష్టాలు" అన్నాడు. నా చిట్టాలో రాయని ధర అప్పుడు కనిపించింది. నేసిన మీటరుకు ఇంత అని కూలి వచ్చేవాడికి సెలవంటే జీతం లేని రోజు. పన్నెండు గంటల షిఫ్టు చేసేవాడికి వెన్నెల రాత్రి అంటే మగ్గం ముందు మరో రాత్రి. ఒక ఊరిని రుచి చూడాలంటే ముందు తీరిక ఉండాలి. నాకు ఉద్యోగం తీరికిచ్చింది. కాకకు ఆయన పని అది ఇవ్వలేదు. ఇద్దరం ఒకే సందులో అద్దెకుంటున్నాం.

"మరి నీ చిట్టా చెప్పు" అన్నాను. కాక ఆలోచించి చెప్పినవి ఏ పర్యటనశాఖ కరపత్రంలోనూ ఉండవు. మొదటిది 1994 సెప్టెంబర్ ప్లేగు. జనం లక్షల్లో సూరత్ వదిలి పారిపోయారు. కాక కూడా రైలెక్కి ఊరు చేరాడు. ఊళ్లో ఎవరూ దగ్గరికి రాలేదు. సొంత అన్న వాకిట్లోనే నిలబెట్టి నీళ్లు పోశాడు. తిరిగొచ్చేసరికి ఊడ్చే ఊరు మొదలైంది. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారులను ఏసీ గదుల నుంచి వీధుల్లోకి దింపారు, ఆక్రమణలు కూల్చారు, చెత్త ఎత్తించారు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో పాటు సూరత్ మొదటి స్థానం పంచుకుందంటే పునాది అక్కడుంది.

రెండోది 2006 ఆగస్టు వరద. ఉకాయీ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నగరంలో అధిక భాగాన్ని ముంచింది. అప్పుడు కాక కుటుంబం నదికి దగ్గర్లో వేడ్ రోడ్డులో ఉండేది. మూడు రోజులు పై అంతస్తులో గుజరాతీలు, ఒడియాలు, తెలుగువాళ్లు కలిసి ఒకే స్టవ్ మీద అన్నం వండుకున్నారు. నీళ్లు తీశాక నదికి దూరమని భేస్తాన్ వచ్చేశారు. మూడోది 2020 లాక్‌డౌన్. మగ్గాలు ఆగాయి. పాండేసరాలో వలస కార్మికులు ఊళ్లకు పంపమంటూ రోడ్డెక్కారు. కాక వెళ్లలేదు. "తొంభై నాలుగుల పోయి చూసిన గద" అన్నాడు.

నాలుగోది బడి. సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. కాక పిల్లలు తెలుగు బడిలోనే చదివారు. మనవరాలు ఇంగ్లీషు మీడియంలో ఉంది. తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. కాక చిట్టాలో ఇంకా చేయాల్సింది ఒక్కటే మిగిలింది: సిరిసిల్ల బస్టాండులో ఆ పిల్ల బోర్డు చదివి బస్సెక్కాలి. "ఊరికి పోతె నన్ను సూరతోడు అంటరు. ఈడ తెలంగాణోడు అంటరు. దానికన్న ఏదో ఒక్కటి అననీ" అన్నాడు.

భాషాప్రయుక్త రాష్ట్రాల కోసం పోరాడి గెలిచిన జాతి మనది. రాష్ట్రం దాటి వెళ్లినవాళ్లు ఏ లెక్కలోకి వస్తారన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేదు. రెండు తెలుగు ప్రభుత్వాలూ ప్రవాసాంధ్రులు, ప్రవాస తెలంగాణవాసులు అన్నప్పుడు కళ్ల ముందు మెదిలేది డాలస్, దుబాయ్. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ నుంచి సూరత్ వచ్చినవాడు ప్రవాసి కాడు, వట్టి కూలీ. మనవరాలి తెలుగు వాచకం కోసం అతను అడగాల్సిన కార్యాలయం ఏదో అతనికి తెలీదు. ఒక నగరపాలక సంస్థ పరభాషలో బళ్లు నడపగలిగినప్పుడు, ఆ భాష సొంతదారులైన ప్రభుత్వాలు పుస్తకాలు, టీచర్ల విషయంలో చేయి కలపడం పెద్ద కష్టమా?

జనవరిలో ఖాతాకు వారపు సెలవున్న రోజు కాకను, చిన్నమ్మను, మనవరాలిని పోంక్ నగరికి తీసుకెళ్లాను. డబ్బులు నేనిస్తానన్న షరతు మీద కాక వచ్చాడు. గింజలు నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. "మనదాని లెక్క తీపి లేదు" అన్నాడు. అని, ఇంకో గుప్పెడు తీసుకున్నాడు. సేవ్‌లో నిమ్మ ఎక్కువైందని దుకాణదారుడితో గుజరాతీలో వాదనకు దిగాడు. అతను నవ్వి, మీదే ఊరని మా ఇద్దరినీ అడిగాడు. నేను హైదరాబాద్ అన్నాను.

కాక "భేస్తాన్" అన్నాడు.

ఇంటికొచ్చి గోడ మీది కాగితంలో పోంక్ ఎదురుగా రెండు టిక్కులు పెట్టాను. కాక లెక్క ఇప్పుడు నాలుగున్నర. దండికి ఎప్పుడు వెళ్లాలన్నది ఖాతా సెలవును బట్టి చూసుకుంటామన్నాడు.